కాకి ఈకలు

నర్సాపురం రేవులో పడవలు కట్టేవాణ్ణి.
సంగీతం గురించి నన్నడిగితే ఏం చెప్పనండీ.
యునీకే గారు ఓ మిట్టమధ్యాహ్నం గొడుగు ముడుచుకుని
రంపప్పొట్టులో నిలబడి
"పడవే కావాలి, నీళ్ళమీద వెళ్ళదు" అన్నారు.
కాగితం పరిచారు.
ఒక పక్క నిటారు, ఒక పక్క వంపు, లోపల పక్కటెముకలు.
పేరు హార్ప్సికార్డట. నాకు నోరు తిరగలేదు.
వంపు చూసి ఒప్పుకున్నాను.

వాళ్ళమ్మ రాహేలు లేసు అల్లేది.
మూడు గొలుసులు, ఒక సందు, రెండు వదిలెయ్,
పైకి లెక్కపెడుతూనే అల్లేది.
ఆ లెక్క జోలగా విన్న పిల్ల
చర్చిలో కాళ్ళ హార్మోనియం తొక్కి,
మద్రాసులో పరీక్షలు రాసి,
చలిదేశంలో రెండు శీతాకాలాలు
ఎవరివో పాత కోట్లు తొడుక్కుని చదివిందట.
అక్కడ మూడొందల ఏళ్ళనాటి కాగితం ఒకటి చూపించారట.
కింద ఒక్క వరసే స్వరాలు, వాటి కింద అంకెలు:
ఆరు, నాలుగు, ఏడు.
మిగతాదంతా వాయించేవాళ్ళే
అక్కడికక్కడ అల్లుకోవాలి.
తోటి విద్యార్థులు తలలు పట్టుకుంటే
ఈవిడకి నవ్వొచ్చిందట.

తరవాత పదకొండేళ్ళు
ఒక్క వణుకు మీద పుస్తకం రాశారు.
స్వరం వణకడం పైమెట్టు నుంచి మొదలవ్వాలా, అసలు మెట్టు నుంచా?
పదకొండేళ్ళండీ! నేనైతే ఈలోగా
నలభై పడవలు నీళ్ళలోకి తోశాను.
ఏదో ఊళ్ళో కచేరీకి పదముగ్గురొచ్చారట.
అందులో ఒకాయన వాన తగ్గేదాకా ఆగినవాడు.
"ఆయనే చివరిదాకా కదల్లేదు" అని
అదే గొప్పగా చెప్పుకుంటారు.

మన పెద్దలు శాలువా తెచ్చారు.
"డచ్చివాళ్ళ ఓడలో ఈ వాద్యం మన రేవుకే వచ్చిందని
ఒక్క మాట అనండి, బోర్డు పెట్టిస్తాం."
"లెక్కల పుస్తకాలు దొరికినన్ని చూశాను.
గుడ్డల మూటలున్నాయి, సారాయి ఉంది,
రిపేరుకిచ్చిన గడియారం ఒకటుంది. ఇది లేదు."
శాలువా కప్పారు. బోర్డు పెట్టలేదు.

తీగని మీటే ముల్లుకి కాకి ఈక కావాలన్నారు.
కొంగది మెత్తన, కోడిది పెళుసు.
చేపల మార్కెట్టు దగ్గర పిల్లలకి ఈకకి రూపాయి కట్టాం.
ఒకడు కోడీకకి సిరా పూసి తెచ్చాడు.
వేలితో వంచి చూసి, వాడికీ రూపాయిచ్చి,
"రంగు బాగా వేశావురా" అన్నారు.

చెప్పకూడదు గానీ, మొదటిసారి మోగినప్పుడు
ఇనప డబ్బాలో మేకులు కదిపినట్టుంది.
ఎంత గట్టిగా నొక్కినా మోత అంతే, పెరగదు, తగ్గదు.
రెండో వారానికి
ఆ మేకుల్లోంచే చినుకులు వేరుపడ్డాయి నాకు.
వశిష్ఠ మీంచి తడిగాలి కొడితే
పొద్దున బిగించిన తీగ మధ్యాహ్నానికి జారుతుంది.
వాయించేది గంట, శ్రుతి చేసేది రెండు గంటలు.

చర్చిలో వాయించిన సాయంత్రం
లేసు కుట్టే ఆడవాళ్ళే సగం బల్లలు నిండారు.
రాహేలుకి చూపు మందగించింది, వేళ్ళు మాత్రం ఒళ్ళో ఆడుతున్నాయి.
అయిపోయాక అంది:
"మధ్యలో ఒక కుట్టు జారవిడిచావే."
యునీకే గారు కాగితం తిరగేసి వెతికి,
"నాలుగున్న చోట మూడు పట్టానమ్మా" అన్నారు.
చప్పట్లు కొట్టాలో వద్దో
ఎవరికీ తెలీలేదు.

ఒక తప్పు నేనూ చేశాను.
అలవాటు కొద్దీ అడుగు చెక్కల సందుల్లో
నూలు కూరి గుగ్గిలం పట్టించాను.
ఏడాది తరవాత బోర్లించినప్పుడు దొరికిపోయాను.
"ఇందులోకి నీళ్ళెక్కణ్ణించి వస్తాయి మావయ్యా?"
"నర్సాపురం కదండీ."
కాసేపు ఆ గుగ్గిలం వాసన చూశారు.
గీకెయ్యమంటారనుకున్నాను, అనలేదు.
"అయితే వరదొస్తే తేలుతుందా?"
తేలుతుందన్నాను.
శ్రుతి మాత్రం నా పూచీ కాదు.